చచ్చిపోయిన మొగుడికి ఎర్ర కవరు

నవంబరు 6, బుధవారం

ఇవాళ నా మొగుడు పోయాడు.

పొద్దున ఎనిమిదింటికి పోయాడు, పదకొండుకల్లా నా ఏడుపు అయిపోయింది, పన్నెండింటికి డబ్బా భోజనం వచ్చింది. పంది మాంసం, క్యాబేజీ. షూటింగులు తప్ప ఇంకేమీ లేని ఈ హెంగ్‌డియన్‌లో పదేళ్ళుగా ఇదే బతుకు. ఇప్పటికి నాకు పోయిన మొగుళ్ళు ముప్ఫై ఒక్కమంది. అందరూ ఫోటోల్లోనే పోయారు. ఆ ఫోటో ఎవరిదో నేను చూడను కూడా. ప్రొడ్యూసరు మామగారిదో, డ్రైవరు బాబాయిదో దొరికింది పెట్టేస్తారు. ఫ్రేము మీద చెయ్యేసి, "నన్నొదిలేసి ఎలా వెళ్ళావయ్యా" అని కూలబడతాను. అక్కడితో నా పని సరి.

ఈసారి తీస్తున్నదాని పేరు 'నూరు కోట్ల మామగారు తిరిగొచ్చారు'. ఫోన్ నిలువుగా పట్టుకుని చూసేవాళ్ళ కోసం రెండేసి నిమిషాల ముక్కలు ఎనభై. మొత్తం ఏడు రోజుల్లో తీసెయ్యాలి. నేను అత్తగారిని. కోడలిని కొడతాను, మొగుడి ఫోటో ముందు ఏడుస్తాను, మళ్ళీ వచ్చి కోడలిని కొడతాను.

సెట్ సామాన్లు చూసే పాన్ ఫ్రేముకి నల్ల గుడ్డ వంకరగా కట్టాడు. సర్దుదామని దగ్గరికి వెళ్ళాను. లువో జిన్‌హాయ్. నల్ల గుడ్డ, తెల్ల చామంతులు, మధ్యలో లువో జిన్‌హాయ్! జుట్టు పలచబడింది. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ అలాగే ఉంది. ఆ మచ్చ నా చలవే. నాటకంలో ఈటె తిప్పబోయి తగిలించాను.

చెప్పాల్సిన డైలాగు ఎగిరిపోయింది. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు.

"అబ్బ! అదీ!" అని గావుకేక పెట్టింది డైరెక్టరు షెన్ కే. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, అన్నం కంటే కాఫీ ఎక్కువ తాగి బతుకుతుంది. "లౌ టీచర్, అలాగే ఉండండి! కదలకండి! ఒక్క మాట లేదు, ఒక్క చుక్క లేదు, గుండె పిండేశారు! ఓకే!"

ఈ ఊళ్ళో కెమెరా ముందుకు వచ్చిన ప్రతివాళ్ళూ టీచర్లే. మొన్న ఒక సెట్లో "గొర్రె టీచర్ని ఇటు తీసుకురండి" అని కూడా విన్నాను.

షాట్ అయ్యాక పాన్ ఎర్ర కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. బతికున్న మనిషి ఫోటోకి నల్ల గుడ్డ కడితే ఆ మనిషికి ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇవ్వాలి, ఆ డబ్బుతో అతను తీపి కొనుక్కుని తినాలి. అప్పుడు గానీ కీడు పోదు.

"నాకెందుకు?" అన్నాను.

"ఎవరు ఏడ్చారో వాళ్ళ చేత్తోనే ఇవ్వాలి కదక్కా. ఆయన యివూలో ఉంటాడట. తిరిగొచ్చే సీన్లకి పదకొండో తారీఖున గానీ రాడు. అంతదాకా ఆపకు, వెంటనే అందేలా చూడు."

"డబ్బు ఫోన్లో కొడితే పోలా?"

"ఫోన్లో కొడితే కీడు ఫోన్‌కి పోతుంది, మనిషికి కాదు. ఎర్ర కాగితం చేతికందాలి. అవునూ, మీ వైపాయనేనట. నీకు తెలుసా?"

"తెలీదు."

కవరు సంచిలో పడేసుకున్నాను. పదకొండునే ఇస్తాను. ఇరవై ఆరేళ్ళు నన్ను ఆపినవాడికి అయిదు రోజులు ఒక లెక్కా?

నవంబరు 7

ఏడుపులు పదకొండు. గ్లిజరిన్ ఒక్క చుక్క వాడలేదు. చలికాలం గాలి పొడిగా ఉంటుంది కదా, కళ్ళు మండుతాయి.

నవంబరు 8

కోడలిని తొమ్మిదిసార్లు కొట్టాను. మంచి పిల్ల, దెబ్బ పడ్డ ప్రతిసారీ "థాంక్యూ టీచర్" అంటుంది. నా చెయ్యి చెంపకి రెండు వేళ్ళ దూరంలోంచి వెళ్ళిపోతుంది, పక్కన ఎవరో చప్పట్లు కొడతారు, అంతే. పదేళ్ళలో ఒక్క పిల్లకీ ఒక్క వేలు తగల్లేదు. హెంగ్‌డియన్‌లో చెంపదెబ్బంటే లౌ చైఫెంగే అంటారు. నా సమాధి మీద కూడా అదే రాస్తారేమో.

మధ్యాహ్నం హాల్లో ఎవరూ లేరు. డబ్బా తీసుకుని ఫోటో ఎదురుగా కూర్చున్నాను. ఎక్కడో అక్కడ కూర్చోవాలి కదా.

"ఏం, బాగున్నావా?" అన్నాను. "చామంతులు సరిపోయాయా? ఇంకో దండ తెప్పించనా?"

నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వుకే కదా తగలబడింది. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది, డిసెంబరు. మా నాటక మండలి మూతపడింది. అతను సేనాపతి వేషాలు, నేను రాకుమార్తె చెలికత్తెని, పైకి తెలియకుండా ఆరేళ్ళ ప్రేమ. జిన్హువాలో ఇంకో మండలి ఉంది, అక్కడికి పోయి పెళ్ళి చేసుకుందామన్నాడు. మంగళవారం పొద్దున బస్టాండులో ఉండమన్నాడు. అతని పెట్టెలో చోటు లేదని వేషం బూట్లు కూడా నాకే ఇచ్చాడు, బెత్తెడు మందం అడుగున్న ఆ సేనాపతి బూట్లు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు బస్సులు వెళ్ళిపోయాయి. రాలేదు.

తర్వాత యివూలో సాక్సులు అమ్ముతున్నాడని విన్నాను. నేను ఒక ఎలక్ట్రీషియన్ని చేసుకున్నాను. మంచివాడే. పదకొండేళ్ళు ఒకరి మీద ఒకరం గట్టిగా అరిచింది కూడా లేదు, చివరికి ఇద్దరికీ విసుగొచ్చి నవ్వుకుంటూనే విడిపోయాం.

అదంతా ఎప్పటి మాటో. నాకిప్పుడు ఏమీ లేదు. ఆ బూట్లు ఇంకా ఉన్నాయంటే, నా గది తలుపు గాలికి కొట్టుకుంటుంది కాబట్టి ఉన్నాయి. ఒక బూటు అడ్డం పెడితే చక్కగా ఆగుతుంది. రెండోది మొదటిది పాడైతే పనికొస్తుందని.

నవంబరు 9, పొద్దున

"కవరు అందిందా అక్కా?" అన్నాడు పాన్.

"అందింది" అన్నాను.

"హమ్మయ్య. పోయినేడు వేరే సెట్లో ఒకాయనకి ఇవ్వడం మర్చిపోయారు. చదునుగా ఉన్న నేల మీద నడుస్తూ పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు."

నాకు నవ్వాగలేదు. ఈ కుర్రాళ్ళకి చేతిలో అంత పెద్ద ఫోన్లు, బుర్రలో ఇంత చాదస్తమూ!

అదే రోజు, మధ్యాహ్నం

నవ్వు ఆగింది.

డైరెక్టరమ్మ ఫోన్లో అరుస్తోంది: "పడ్డారా? ఎక్కడ? కాలా? అయ్యో లువో టీచర్, పదకొండుకి నిలబడగలరా?"

తిన్నగా పాన్ దగ్గరికి వెళ్ళాను. "తమ్ముడూ, ఊరికే అడుగుతున్నా. కవరు నాలుగైదు రోజులు ఆలస్యమైతే ఏమవుతుంది?" అన్నాను. పాన్ నా మొహంలోకి చూశాడు. "అక్కా, ఇవ్వలేదా?" అన్నాడు. "పిచ్చా నీకు, ఇచ్చేశానని చెప్పానా లేదా" అని కసిరేశాను.

రేపు ఆదివారం, నాకు పొద్దుటి పూట షాట్లు లేవు. వెళ్ళి ఇచ్చి వస్తాను. మనిషికి ఏమన్నా అయితే ఉసురు నాకు చుట్టుకుంటుందని, అంతే. ఆ పువ్వుల స్వెటర్ వేసుకోవాలి, మిగతావన్నీ ఉతుక్కి వేశాను.

(మిగతావన్నీ ఉతుక్కి వెయ్యలేదు. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు, అయినా రాస్తున్నాను చూడు.)

నవంబరు 10, ఆదివారం

యివూకి బస్సులో నలభై నిమిషాలు. ఇరవై ఆరేళ్ళూ నలభై నిమిషాల దూరంలోనే ఉన్నాడన్నమాట.

బజారు మూడో అంతస్తు అంతా సాక్సులే. పసిపిల్లల సాక్సులు, కుక్కపిల్లల సాక్సులు, ఒక్కో వేలికీ ఒక్కో రంగు సాక్సులు. ఆఖరి వరసలో చిన్న కొట్టు. కాలు అట్టపెట్టె మీద పెట్టుకుని కూర్చున్నాడు. అంత సాక్సుల మధ్య ఆ కాలికి సాక్సు లేదు, చీలమండ వంకాయలా వాచి ఉంది.

"ఎన్ని డజన్లు?" అన్నాడు తలెత్తకుండా. తర్వాత తలెత్తాడు.

నేను సంచిలోంచి కవరు తీసి అతని ముందు పెట్టాను.

"కవరు," అన్నాను. "ఫోటోది. ఇవాళే ఖర్చు పెట్టాలి. తీపి కొనుక్కుని తినాలి."

"ఫోటో పెట్టింది ఆరో తారీఖున కదా?"

"బస్సు దొరకలేదు."

"నాలుగు రోజులా?"

"ఇరవై ఆరేళ్ళు దొరకనివాళ్ళు కూడా ఉన్నారు."

నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. కాస్త వచ్చింది.

"ఎలా పడ్డావు?"

"స్కూటర్ మీంచి."

"అంత జోరుగా నడపడం దేనికి ఈ వయసులో?"

"ఆగి ఉన్న స్కూటర్ మీంచి, ఫెంగ్."

నన్ను ఫెంగ్ అని పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అమ్మ పోయింది, మండలి పోయింది. నేను గోడకున్న సాక్సులు చూస్తూ నిలబడ్డాను.

డబ్బు అతని చేత్తోనే ఖర్చు పెట్టాలి. అతను నడవలేడు. ఇక తప్పేదేముంది, నా భుజం మీద చెయ్యేసుకుని కుంటుతూ వచ్చాడు. వీధి చివర బండి మీద పిండిని తాళ్ళలా మెలిపెట్టి వేయించి, వేడి వేడి బెల్లం పాకంలో వేస్తున్నారు. కొత్త బెల్లం వచ్చే రోజులు, వీధంతా ఒకటే వాసన. కవరులో ఉన్నదంతా ఇచ్చి సంచీడు కొన్నాడు. పక్కనే బల్ల మీద కూర్చున్నాం. ఒకటి కొరికాడు. కీడు పోయింది. నా పనీ అయిపోయింది, లేచి వచ్చెయ్యాల్సింది.

"ఎందుకు రాలేదు?" అన్నాను.

ఈ పదేళ్ళలో మొగవాళ్ళు రాకపోవడానికి ఎన్ని కారణాలుంటాయో అన్నింట్లోనూ నటించాను. తలకి దెబ్బ తగిలి గతం మర్చిపోతారు. రహస్యంగా కిడ్నీ ఇచ్చి మూర్ఛపోతారు. తల్లి విషం సీసా పట్టుకుంటుంది. ఇవన్నీ ఎప్పటికప్పుడు ఇతనికి వేసి చూసుకున్నాను, ఒక్కోసారి ఒక్కోటి సరిపోయేది. ఇవాళ కూడా నేనే అందించాను.

"మీ అమ్మకి బాగాలేదా?"

"బాగానే ఉంది."

"ఎవరైనా బెదిరించారా?"

"లేదు." చేతులకంటిన పాకం తుడుచుకున్నాడు. "వచ్చాను ఫెంగ్. రోడ్డవతల నూడుల్స్ కొట్లో కూర్చున్నాను. నువ్వు నా బూట్లు ఒళ్ళో పెట్టుకుని ఉన్నావు. జేబులో చిల్లిగవ్వ లేదు. కొత్త మండలి వాళ్ళు తీసుకుంటారో లేదో తెలీదు. నిన్ను తీసుకెళ్ళి పస్తులు పెడతానేమోనని భయమేసింది. ఒక బస్సు పోనిద్దాం, ధైర్యం వస్తుంది అనుకున్నా. తర్వాత ఇంకోటి. నాలుగు పోయాక నీకు మొహం చూపించడానికి సిగ్గేసింది."

"నేను చలికి వణుకుతుంటే చూస్తూ నూడుల్స్ తిన్నావా?"

"తినలేకపోయా."

"అయ్యో పాపం, చల్లారిపోయుంటాయి!"

ఒళ్ళు మండిపోయి సంచి లాక్కుని లేచి విసవిసా వచ్చేశాను. పది అడుగులు వేశాక గుర్తొచ్చింది, మనిషికి ఊతం నేనే. తిరిగి చూస్తే కరెంటు స్తంభం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. వెనక్కి వెళ్ళి భుజం ఇచ్చాను. దారంతా అతనే మాట్లాడాడు. ఏడెనిమిదేళ్ళుగా ఫోన్లో నా చెంపదెబ్బలన్నీ చూస్తున్నాడట. భార్య ఆరేళ్ళ క్రితం పోయిందట, ఆ కొట్టు ఆవిడ కష్టమేనట, ఆవిడ గురించి మర్యాదగా చెప్పాడు. పార్కులో పాడుతుంటే ఏజెంటు చూసి వేషం ఉందన్నాడట.

"చచ్చిపోయిన మొగుడి వేషం అన్నాడు. భార్య ఎవరన్నాను. నీ పేరు చెప్పాడు. అయితే చచ్చిపోతానన్నాను."

కొట్లో దింపేసి బస్సెక్కాను.

పిరికివాడు. కిడ్నీ లేదు, విషం లేదు, ఏమీ లేదు. నేను అల్లి పెట్టుకున్న కారణాలు ఎంత బాగుండేవి! ఇంత చిన్న భయానికా నా ఇరవై ఆరేళ్ళు? బస్సులో ఏడ్చాను. ముందు సీటావిడ తిరిగి చూసి, "నువ్వు ఆ రాకాసి అత్తవి కదూ?" అని ఫోటో దిగింది.

తీపి సంచి నాతోనే వచ్చేసింది. అతను తిన్నది ఒకటే. కీడు పోవడానికి ఒకటి చాలుతుందో లేదో పాన్‌ని అడగాలి.

నవంబరు 11

చాలుతుందట.

మా ఆయన బతికొచ్చాడు. చేతికర్రతో కుంటుతూ వస్తే డైరెక్టరమ్మ గంతులేసింది. ప్రమాదం నుంచి బయటపడ్డవాడు కుంటకపోతే ఎలా అంటుంది. నేను పరుగెత్తుకుని వెళ్ళి, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు!" అని చెంప పగలగొట్టి, తర్వాత గుండెల మీద పడి ఏడవాలి.

షాట్‌కి ముందు, "ఆ రెండు వేళ్ళ దూరం ఇవాళ వదలకు" అన్నాడు మెల్లగా.

"నా పని నాకు నేర్పకు" అన్నాను.

నేను వదిలాను. దేవుడి సాక్షిగా రెండు వేళ్ళ దూరం వదిలే చెయ్యి విసిరాను. మొహం పక్కకి తిప్పాల్సినవాడు ముందుకి పెట్టాడు. చప్పట్లు కొట్టాల్సిన కుర్రాడు చప్పట్లు మర్చిపోయాడు, వాటి అవసరమే రాలేదు. అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

"పిచ్చెక్కిందా నీకు?" అన్నాను. అది స్క్రిప్టులో లేదు, ఉంచేశారు.

"ఇప్పుడు కాస్త హాయిగా ఉంది" అన్నాడు. అదీ ఉంచేశారు.

గుండెల మీద పడి ఏడవడం ఒక్క టేకులోనే అయింది. దాని గురించి రాయను.

భోజనాల దగ్గర ఉడికించిన గుడ్డు గుడ్డలో చుట్టి అతని చెంపకి కాపడం పెట్టాను. మేకప్ అమ్మాయి పెట్టాల్సింది, తనకి చాలా పని ఉంది. పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటోంది గానీ, పని ఉంది.

"నా బూట్లు ఏం చేశావు?" అన్నాడు.

"ఎప్పుడో పారేశాను."

"మంచి పని చేశావు" అని ఆ గుడ్డు తినేశాడు.

నవంబరు 12, మంగళవారం

ఆఖరి రోజు. మామగారు పోయిన నాటి ఫ్లాష్‌బ్యాక్. ఈ ఊళ్ళో కథ ఎక్కడ మొదలైందో ఆఖర్న తీస్తారు. షూటింగు బంగళాకి దగ్గర్లో ఉన్న బస్టాపు, నాకు రెండు జడలు. వయసు ముప్ఫై ఏళ్ళు తగ్గించడం కంప్యూటరు చూసుకుంటుందట. మొగుడి కోసం ఎదురుచూస్తుంటాను, మూడు బస్సులు వెళ్ళిపోతాయి, అతను రాడు, ప్రమాదం జరిగిందని కబురొస్తుంది. అదీ సీను.

ఒళ్ళో పెట్టుకోడానికి పాన్ ఒక మూట ఇచ్చాడు. మరీ కొత్తగా ఉంది. అందుకని బూట్లు పట్టుకెళ్ళాను. పొద్దున గదిలోంచి బయల్దేరేటప్పటికి పాన్ మూట నేనింకా చూడలేదన్నది వేరే సంగతి.

జిన్‌హాయ్‌కి ఇవాళ పని లేదు. అయినా వచ్చాడు. నిలబడలేక రోడ్డవతల కొట్లో కూర్చున్నాడు. నూడుల్స్ కొట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత హెంగ్‌డియన్‌లో కూర్చోడానికి ఇంకో చోటు దొరకలేదా ఈ మనిషికి?

"యాక్షన్!"

మొదటి బస్సు పోయింది. నేను అటు చూడలేదు. రెండోది పోయింది. బెంచీ చల్లగా ఉంది, బూట్లు బరువుగా ఉన్నాయి, యాభై నాలుగేళ్ళ మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి. మళ్ళీ అక్కడే కూర్చున్నాను కదా అనిపించింది. ఇతను మళ్ళీ అక్కడ కూర్చుని చూస్తున్నాడు, నేను మళ్ళీ ఇక్కడ కూర్చుని ఏడుస్తున్నాను. ఈసారైతే జీతమిచ్చి మరీ ఏడిపిస్తున్నారు. ఇవాళ ఇక్కణ్ణించి లేచాక ఇంక ఇతని మొహం చూడకూడదు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మూడో బస్సు మలుపు తిరుగుతుండగా కొట్లో కుర్చీ పడ్డ చప్పుడైంది. చేతికర్ర అక్కడే వదిలేసి, రోడ్డు దాటి, కెమెరాకి ఎదురుగా కుంటుకుంటూ వచ్చేస్తున్నాడు. బస్సు డ్రైవరు బ్రేకు వేసి తిట్టాడు.

"కట్! కట్! లువో టీచర్!" డైరెక్టరమ్మ జుట్టు పీక్కుంది. "ఈ సీన్లో మీరు లేరు! మీరు పోయారు!"

"ఒకసారి లేకుండా చూశానమ్మా," అన్నాడు రొప్పుతూ. "బాగుండలేదు."

వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. ఒళ్ళో బూట్లు చూశాడు.

"పారేశానన్నావు?"

"పారేశాను. మళ్ళీ దొరికాయి."

"బస్సులు ఎన్ని పోయాయి?"

"మూడు" అన్నాను.

"అయితే ఇంకోటి ఉంది" అని, చలికి ఎర్రబడ్డ నా చెయ్యి తీసుకుని తన కోటు జేబులో పెట్టుకున్నాడు. భయం పోలేదు అతనికి, చెయ్యి వణుకుతూనే ఉంది. వణుకుతూనే వచ్చాడు. నాకు కావలసింది అదే అని ఇరవై ఆరేళ్ళూ నాకే తెలియలేదు.

ఆ తర్వాత అసలు తంటా మొదలైంది. అతన్ని పక్కకి పంపి మళ్ళీ తీశారు. నేను ఏడవాలి. ఏడుపు రాలేదు. రెండో టేకులో నవ్వాను, మూడో టేకులోనూ నవ్వాను, నాలుగో టేకులో పాన్ కూడా నవ్వాడు. "లౌ టీచర్, మీ మొగుడు పోయాడు, కాస్త గుర్తుంచుకోండి!" అని డైరెక్టరమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. చివరికి గ్లిజరిన్ తెమ్మన్నాను. సగం సీసా పట్టింది.

బూట్లు ఇచ్చేస్తానన్నాను. ఒకటే తీసుకెళ్ళాడు. కాలు బాగాలేదు కదా, రెండూ మొయ్యలేడట. రెండోదాని కోసం ఆదివారం వస్తాడట. తనే బెల్లం మెలికలు తెస్తానన్నాడు, కొంచెం ఎక్కువే తెమ్మన్నాను.

ఆదివారం తర్వాత తలుపుకి ఏం అడ్డం పెట్టాలి? ఇటుకరాయి ఒకటి చూడాలి.